మూడో రేవు

జూన్ పద్దెనిమిది. రాత్రి రెండు దాటింది.
రాత్రి అంటున్నాను గానీ, అలవాటు కొద్దీ.
నార్వే ఉత్తరపు కొసన మా దీవి.
కిటికీకి దుప్పటి కొట్టాం,
దుప్పటి మీద వంటింటి వెండికాగితం అంటించాం,
అయినా ఏ కుట్టు సందులోంచో
సూదంత వెలుగు దూరి
వాడి రెప్ప మీద వాలుతుంది.

వాడికి ఇరవై మూడు రోజులు.
పేరింకా ఖాయం కాలేదు.
సూర్యుడు అస్తమించడం మానేసిన రోజునే పుట్టాడు.
ఇద్దరూ ఇద్దరే, మొండిఘటాలు.

గుక్క పట్టాడంటే
పెదాలు నల్లబడి, పిడికిళ్లు బిగిసి,
ఒళ్లంతా విల్లులా వెనక్కి వంగి,
ఊపిరి ఎక్కడో ఆగి,
ఆగి,
నా గుండె రెండుసార్లు కొట్టుకున్నాక
ఇంటికప్పు లేచిపోయే కేక.

పాలు చాలవేమో అంది నర్సు. చాలుతున్నాయి.
పొట్టలో గాలేమో. భుజాన వేసి తట్టాను,
గాలి పోయింది, నా చొక్కా పోయింది, ఏడుపు పోలేదు.
పక్కింటి బోర్గిల్, ఎనభై ఏళ్లది, తలుపు తట్టకుండా వచ్చి
చేపను కాగితంలో చుట్టినట్టు
బిగించి చుట్టడం చూపించింది.
పది నిమిషాలు పనిచేసింది.
పదకొండో నిమిషంలో ఓ చెయ్యి బయటికొచ్చింది,
ఆ వెనకే మిగతా వాడంతా.

ఉతికే మిషన్ మీద వాడి బుట్ట పట్టుకుని
ఖాళీ మిషన్ని గంటసేపు తిప్పాను.
కునుకు నాకే పట్టింది.

ఇవాళ యోస్టైన్ వాణ్ని నా చేతుల్లోంచి తీసుకున్నాడు.
"నువ్వు పడుకో" అన్నాడు.
ఆ రోజుకి అతని మొదటి మాట అదే అనుకుంటా.
పెళ్లికి ఒప్పుకున్నప్పుడు కూడా తలూపి ఊరుకున్న మనిషి.

పడుకున్నాను. అంటే
గోడకి చెవి ఆనించి కళ్లు మూసుకున్నాను.
వాడు అక్కడ ఏడిస్తే ఇక్కడ నా రొమ్ములు చేపుతాయి,
పక్క తడుస్తుంది.
నా ఒళ్లు నా మాట వినడం మానేసి ఇరవై మూడు రోజులు.

అవతల ఆరడుగులు అటు,
మూలన కిర్రుమనే చెక్క,
ఆరడుగులు ఇటు.
అతనికి పాటలు రావు. నాకు తెలుసు.

చాలాసేపటికి గొంతు సవరించుకున్నాడు,
మైకులో ప్రయాణికులతో మాట్లాడబోయే ముందులాగా.
"ఆరూ ఇరవైకి లిల్లెవోగ్," అన్నాడు.
"అక్కడ టీచరమ్మ ఎక్కుతుంది, ఆవిడ సైకిలు కూడా.
ఆరూ నలభై అయిదుకి హెస్టోయ. ఎవరూ ఎక్కరు.
అయినా ఆగాలి, పాలడబ్బాలు దించాలి.
ఏడూ అయిదుకి స్కార్‌నెస్.
దాని ముందర కెరటం పక్కనుంచి కొడుతుంది,
భయపడకు, పడవ కాస్త ఊగుతుంది,
ఇలా..."

ఏడుపు ఓ మెట్టు దిగింది.
వెక్కిళ్లు మిగిలాయి, రేవు వదిలిన పడవ వెనక
తాడు నీళ్లలో ఈడ్చుకొచ్చినట్టు.

మళ్లీ లిల్లెవోగ్. మళ్లీ టీచరమ్మ.
పదేళ్లుగా ఆ పడవ నడుపుతున్నాడు,
ఆవిడ సైకిలుకి గంట లేదని
నాకెప్పుడూ చెప్పలేదు.
హెస్టోయలో పాలు దించుకునే మనిషికి
ఎడమచేతికి మూడే వేళ్లనీ,
అయినా తాడు అతనంత బిగువుగా ఎవరూ ముడెయ్యరనీ
చెప్పలేదు.
గోడకి ఆనుకుని, కాస్త కుళ్లుకుంటూ విన్నాను.

ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

ఆ లేకపోవడమే నన్ను లేపి కూర్చోబెట్టింది.
ఇన్నాళ్లూ దేని కోసం మొక్కానో అది వచ్చేసరికి
కాళ్లు వణికాయి.
కిర్రుమనే చెక్కని దాటి, తలుపు వేలితో నెట్టాను.

కుర్చీలో యోస్టైన్. తల వెనక్కి వాలి, నోరు తెరిచి.
మూడో రేవు చేరలేకపోయాడు పాపం.
ఛాతీ మీద వాడు,
అతని ఊపిరితో లేస్తూ, అతని ఊపిరితో దిగుతూ,
కళ్లు రెండూ తెరుచుకుని,
కిక్కురుమనకుండా.

నన్ను చూశాడు.
చూశాడనే అనుకుంటాను, ఆ వయసుకి చూపు ఆనదంటారు.
పెదాల మీద వేలు పెట్టుకున్నాను.
ష్... నాన్న నిద్రపోతున్నాడు.

ముఖమంతా నోరు చేసుకుని
వాడు ఆవలించాడు.
సూదంత వెలుగు మళ్లీ వాడి రెప్పని వెతుక్కుంటూ వచ్చింది.
కిటికీకి వీపు అడ్డం పెట్టి నిలబడ్డాను.
వాళ్లిద్దరి మీదా
కొంచెం చీకటి పడింది.